అడ్డపొగ గుట్టు విప్పిన ముక్క పరీక్ష

శస్త్రచికిత్స చేసిన వైద్యుని పేరు రోగికి జీవితాంతం గుర్తుంటుంది. కోసి తీసిన కండముక్కను మైక్రోస్కోపు కింద పరిశీలించి, అది క్యాన్సరో కాదో తేల్చిన పాథాలజిస్టు పేరు మాత్రం ఎవరికీ తెలియదు. మన తెలుగునేల మీద ఆ ముక్కలు బయటపెట్టిన ఒక సత్యాన్ని ఈ రోజు మీ ముందుంచుతున్నాను.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు ఉన్న కొస నోటిలో పెట్టుకొని కాల్చే అలవాటు తరతరాలుగా ఉన్నది. దానినే అడ్డపొగ అంటారు. ఇది స్త్రీలలో ఎక్కువ. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా మొదలైందని కొందరు, పెద్దల కంట పడకుండా ఉండేందుకని కొందరు చెబుతారు.

పొగాకు వలన కలిగే నోటి క్యాన్సరు సాధారణంగా బుగ్గ లోపల, నాలుక అంచున, నాలుక కింద కనబడుతుంది. గట్టి అంగిలి మీద అరుదు. విశాఖపట్నంలో మాత్రం అంగిలి పుండ్లు వైద్యుల దృష్టిని ఆకర్షించాయి. అక్కడి వైద్య కళాశాల 1923లో ఏర్పడినది. 1937లో ఎం.జి.కిని, కె.వి.సుబ్బారావు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో క్యాన్సరు సమస్యపై వ్యాసం రాశారు. 1957లో డి.జి.రెడ్డి, వి.కె.రావు కోస్తాంధ్రలోని అంగిలి క్యాన్సరుకు అడ్డపొగే కారణమని వ్యాసం ప్రచురించారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం 10,169 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. వారిలో సుమారు 44 శాతం మందికి ఈ అలవాటు ఉన్నది.

అమెరికాలో సర్జికల్ పాథాలజీకి పునాది వేసినవారిలో ఒకరైన లారెన్ ఆకర్‌మన్ 1948లో, పొగాకు నమిలేవారి నోటిలో పులిపిరిలా పెరిగే ఒక క్యాన్సరును వర్ణించారు. పైపైన గిల్లిన ముక్కలో అది బయటపడకపోవచ్చు. లోతుగా తీయాలి, రోగి అలవాట్లు తెలియాలి.

ఈ రెండవ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఉద్యోగపు తొలినాళ్ళలో అమరావతి ప్రాంతానికి మిరపకోతలకు ఉత్తరాంధ్ర నుండి వచ్చిన ఒక పెద్దావిడ అంగిలి మీద పుండు చూపించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాను. కాగితం మీద ‘నోటి పుండు’ అని మాత్రమే రాశాను. కొన్నాళ్ళకు క్యాన్సరని రిపోర్టు వచ్చింది. దాని అడుగున పాథాలజిస్టు స్వహస్తంతో ఒక ప్రశ్న రాశారు: “ఈమె చుట్ట ఎలా కాలుస్తుంది?” నేను అడగనే లేదు. కోతలు ముగిశాయి, ఆమె వెళ్ళిపోయింది. ఊరి పేరు కూడా నా వద్ద లేదు.

ఆ తరువాత నేను ఏ రోగినీ “చుట్ట తాగుతారా?” అని మాత్రమే అడిగి ఊరుకోలేదు, “ఎలా తాగుతారు?” అని కూడా అడిగాను.

మీ ఇంటిలో చుట్ట కాల్చే పెద్దలుంటే వారి అంగిలిని వెలుతురులో చూడండి. తెల్లని మచ్చ, ఎర్రని చుక్కలు, రెండు వారాలకు మానని పుండు కనబడితే వైద్యునికి చూపించండి. మామూలుగా కాల్చేవారిలో అంగిలి తెల్లబడటం చాలావరకు హాని లేనిదే. అడ్డపొగలో అది ప్రమాద సూచన. ముక్క పరీక్ష వలన క్యాన్సరు పాకుతుందన్న భయం వద్దు. అలవాటు దాచకండి, చిరునామా సరిగా రాయించండి, రిపోర్టు కోసం తప్పక తిరిగి వెళ్ళండి.