ఎన్నూరులో ఆ అర్ధరాత్రి

2023 డిసెంబరు 26. రాత్రి బాగా పొద్దుపోయింది. చెన్నై జిల్లా ఎన్నూరు తీరంలో కోరమాండల్ ఇంటర్నేషనల్ ఎరువుల ఫ్యాక్టరీ వాళ్లు సముద్రంలో వేసిన గొట్టాన్ని చల్లబరచడం మొదలుపెట్టారు. ఓడలో వచ్చే అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల చలిలో ద్రవంగా ఉంటుంది. వెచ్చటి గొట్టంలోకి వదిలితే చటుక్కున ఆవిరై ఒత్తిడి పెంచేస్తుంది. అందుకే ముందుగా గొట్టాన్ని చల్లబరుస్తారు.

కాసేపు గడిచింది. గొట్టంలో పీడనం ఉన్నట్టుండి పడిపోయింది. ఒడ్డుకు దగ్గర్లోనే సముద్రం బుడబుడమని పొంగుతోంది. ముక్కుపుటాలు అదిరే ఘాటు.

పక్కనే పెరియకుప్పం, జాలర్ల ఊరు. గాఢనిద్రలో ఉన్నవాళ్లకు ముందు కళ్లు మండాయి. తర్వాత గొంతు పట్టేసింది, ఊపిరాడలేదు. కొందరు వాంతులు చేసుకున్నారు, కొందరు స్పృహ తప్పారు. పిల్లల్ని చంకనేసుకుని, దొరికిన బండి ఎక్కి, చీకట్లో ఎటు పోవాలో తెలియక పరుగులు తీశారు. నలభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు.

కళ్లే ఎందుకు ముందు మండాయి? అమ్మోనియాకు నీళ్లంటే ప్రాణం. ఒక్క లీటరు నీళ్లు వందల లీటర్ల అమ్మోనియా వాయువును ఇముడ్చుకోగలవు. మనిషి ఒంట్లో గాలి తగిలే చోట తడి ఉండేది కళ్లలో, ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో. అమ్మోనియా అక్కడికి చేరగానే నీటి నుంచి ఒక హైడ్రోజన్ అయాన్‌ను లాక్కుని హైడ్రాక్సైడ్‌ను మిగులుస్తుంది. బడిలో ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చేది ఆ హైడ్రాక్సైడే. పాఠంలో అమ్మోనియా బలహీన క్షారం. నీళ్లలో కలిపినప్పుడు ఇంచుమించు వందలో ఒక అణువే అయాన్లుగా మారుతుంది. కానీ కంటిపొరను కాల్చడంలో ఆ హైడ్రాక్సైడ్ ఖర్చయిన కొద్దీ మిగతా అణువులు దాని స్థానం భర్తీ చేస్తూనే ఉంటాయి. పైగా క్షారం కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగిపోతుంది. ఆమ్లం పడితే సాధారణంగా పైపొర గడ్డకట్టి కొంత అడ్డుపడుతుంది, క్షారానికి ఆ అడ్డు కూడా ఉండదు. మన పిల్లలకు యాసిడ్ అంటే భయం నేర్పినంతగా క్షారమంటే నేర్పలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ ఫ్యాక్టరీలో ఇదే అమ్మోనియాను ఫాస్ఫారిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో కలుపుతారు. సలసల కాగేంత వేడి పుడుతుంది. ఆమ్లం, క్షారం రెండూ కోరలు పోగొట్టుకుని లవణంగా మారతాయి. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా వరి, చెరకు పండించే రైతులకు బాగా తెలిసిన 20-20 కాంప్లెక్స్ ఎరువు ఆ లవణమే. రైతు గుప్పిట్లో పట్టి మడిలో చల్లుతాడు, చెయ్యి కాలదు. ఆ రాత్రి మాత్రం ఆమ్లంతో కలవాల్సిన అమ్మోనియా మనుషుల కళ్లల్లో తడిని వెతుక్కుంది.

ఇరవై నిమిషాల్లో లీకును అదుపు చేశామన్నారు. ఆ తర్వాత కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీ గేటు దగ్గర గాలిని పరీక్షిస్తే ఘనపు మీటరుకు 2,090 మైక్రోగ్రాముల అమ్మోనియా తేలింది. ఉండదగింది 400. సముద్రపు నీటిలో లీటరుకు 5 మిల్లీగ్రాములు మించకూడని చోట 49 ఉంది.

ఆ నెల మొదట్లో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచి, మన బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని అలలకు గొట్టం చుట్టూ ఉన్న బండరాళ్లు కదిలి గొట్టాన్ని దెబ్బతీసి ఉంటాయని ప్రభుత్వం నియమించిన కమిటీ తేల్చింది. 5.92 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారానికి, గొట్టాన్ని పూర్తిగా మార్చడానికి సిఫారసు చేసింది. తుపాను వెళ్లిన మూడు వారాలకు, ఆ గొట్టాన్ని మళ్లీ వాడబోయే ముందు నీటి అడుగున ఎంత జాగ్రత్తగా చూడాల్సింది! ఫ్యాక్టరీ వద్దంటూ ఊరివాళ్లు నెలల తరబడి టెంటు వేసుకుని కూర్చున్నారు. వాళ్ల పట్టుదలను నేను తప్పు పట్టలేను.

ఇలాంటి ఫ్యాక్టరీల పక్కన ఉండేవాళ్లు ఒక సంగతి తెలుసుకుని ఉండాలి. ఘాటు తగలగానే తడిగుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకుని, గాలి వీచే దారికి అడ్డంగా బయటపడాలి. కళ్లల్లో పడితే కనీసం పావుగంట మంచినీళ్లతో ఆగకుండా కడగాలి. క్షారానికి విరుగుడని నిమ్మరసమో వెనిగరో పొయ్యకూడదు. ఎరువుల ఫ్యాక్టరీలో పుట్టే ఆ వేడి కంటిలోనూ పుడుతుంది.