సనదు మారినప్పుడల్లా

'ముస్లింలు చదువుకోరు, చదివినా మదర్సా దాటి పోరు.' ఈ మాట మేము బస్సుల్లో విన్నాం, సభల్లో విన్నాం, అభ్యుదయవాదులని పేరున్నవాళ్ళ నోట కూడా విన్నాం. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేది నూటికి ముగ్గురు, నలుగురేనని 2006 నవంబర్‌లో సచార్ కమిటీ లెక్క తేల్చి చెప్పింది. లెక్క వచ్చినా మాట మారలేదు. అందుకే ఇక్కడ పిల్లల సంగతి పక్కనబెట్టి, చదువు చెప్పే వాళ్ళ సంగతి ఎత్తుకుంటున్నాం. చదువుకుని, సనదు చేతబట్టుకుని, బడిపంతులు నౌకరి కోసం నిలబడ్డ ముస్లింకు ఉత్తర తెలంగాణలో ఏం జరిగింది? మేము చెప్పేది ఒక్కటే. అతని చదువు తగ్గలేదు. రాజ్యం మారినప్పుడల్లా, చట్టం మారినప్పుడల్లా అతని సనదు చెల్లకుండా పోయింది.

ధర్మపురిని తీసుకుందాం. గోదావరి ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం. 'నరసింహ శతకం' రాసిన శేషప్ప కవి ఊరు. వేదానికీ సంస్కృతానికీ పేరుపడ్డ ఊరు. చాలాకాలం కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబర్ 11 నుంచి జగిత్యాల జిల్లాలోకి పోయింది. ఏరు దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. నిజాం కాలంలో ఇటువంటి ఊరి పిల్లవాడు, బ్రాహ్మణుడైనా, పద్మశాలైనా, ముస్లిమైనా, మొదటి తరగతులు దాటి పైకి చదవాలంటే ఉర్దూలోనే చదవాలి. 1884లో ఫార్సీని తీసేసి ఉర్దూను దఫ్తర్ల భాష చేసిండ్రు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి పెద్ద చదువులు కూడా ఉర్దూలోనే చెప్పిండ్రు. ఇదే కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదివినవాడే. 1988లో తెలుగుకు జ్ఞానపీఠం తెచ్చినవాడూ ఆయనే.

ఇది ఎందుకు గుర్తు చేస్తున్నామంటే, ఉర్దూ ఆనాడు మతం కాదు, నౌకరి. ఉర్దూ పంతుళ్ళలో హిందువులున్నారు, ఉర్దూ చదివిన పట్వారీల్లో, వకీళ్ళలో హిందువులున్నారు. మరి ఉర్దూ రాజభాష అయితే ముస్లింలందరూ బాగుపడ్డారా? దూది ఏకే దూదేకులకు, కూలి చేసుకునే వాళ్ళకు, గోదావరి గట్టున పుచ్చకాయలమ్ముకునే వాళ్ళకు ఆ రాజభాష ఏమిచ్చింది? వాళ్ళలో చాలామందికి ఇంటి మాటే తెలుగు. నౌకర్లు పట్నపు షరీఫు కుటుంబాలకు, జాగీర్దార్ల చుట్టాలకు పోయినై. 'మీ రాజ్యం' అని మమ్మల్ని ఎత్తిపొడిచేవాళ్ళు ఆ రాజ్యంలో మా తాతల జీతమెంతో ఒక్కసారి అడగాలి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. తెలుగు పిల్లవాడికి తెలుగులో చదువు లేకపోవడం అన్యాయమే. ఖాన్గీ బడులు పెట్టుకోవడానికి సర్కారు ఇజాజత్ కావాలనడం అన్యాయమే. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ ఆ బాధలోంచి పుట్టిందే. మాతృభాషలో చదువు ఆనాడు తెలుగువాళ్ళకు న్యాయమైన కోరిక అయితే, ఈనాడు ఉర్దూవాళ్ళకు ఎందుకు కాదు?

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం పోయింది. ఉస్మానియాలో ఉర్దూ దిగి ఇంగ్లీషు ఎక్కింది. దఫ్తర్ల భాష మారింది, బడి భాష మారింది. లెక్కలు, చరిత్ర, సైన్సు ఉర్దూలో నేర్చి ఉర్దూలో చెప్పిన పంతులు చేతిలోని సనదు అదే, తలలోని చదువు అదే. కానీ దాని ధర పడిపోయింది. ఇంగ్లీషు, తెలుగు తెలిసిన వాళ్ళు కావాలన్నారు. మద్రాసు రాష్ట్రపు జిల్లాల నుంచి వాళ్ళు వచ్చారు.

అక్కడే ముల్కీ గొడవ లేచింది. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం నౌకరికి ముల్కీ కావాలి, అంటే పదిహేనేండ్లు ఈ నేల మీద ఉన్నట్టు రుజువు చూపాలి. బోగస్ ముల్కీ సర్టిఫికెట్లతో బయటివాళ్ళు చేరుతున్నారని 1952లో ఆందోళన మొదలైంది. ఎక్కడో కాదు, వరంగల్‌లో, టీచర్ల నియామకాలు బదిలీల మీదే మొదలైంది. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో హైదరాబాద్‌లో పోలీసు కాల్పులు జరిగినై, సిటీ కాలేజీ దగ్గర విద్యార్థులు నేలకొరిగిండ్రు. తెలంగాణ ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళందరూ ఈ ఘట్టం రాస్తారు. బడిపంతులు నౌకరి మీద మొదటి రక్తం చిందిందని రాస్తారు. ఆ పంతుళ్ళలో ఉర్దూ పంతులు ఎక్కడ నిలబడ్డాడో మాత్రం రాయరు. అతను ముల్కీ. తాత ముత్తాతలది ఇదే మట్టి. అయినా బయటివాడొస్తే ముల్కీగా నౌకరికి ఎసరు, భాష మారితే ఉర్దూవాడిగా నౌకరికి ఎసరు. రెండువైపులా దెబ్బ తిన్నది అతనే.

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. తెలంగాణలో పరిపాలనలో, కోర్టుల్లో ఉర్దూకు ఉన్న స్థానం ఐదేండ్లు కొనసాగుతుందన్నారు. నౌకరిలో చేరేటప్పుడు తెలుగు రావాలని పట్టుబట్టవద్దు, చేరినంక రెండేండ్లలో తెలుగు పరీక్ష పాసయితే చాలన్నారు. ఆ ఒప్పందంలో మర్యాద ఉంది. 'ముందు నౌకరి, తర్వాత నేర్చుకో' అన్న మర్యాద అది. కానీ ఒప్పందంలోని మిగతా మాటలు ఎట్లా నీరుగారినయో 1969లో తెలంగాణ పిల్లలు ప్రాణాలిచ్చి చెప్పారు. అదే ఏడాది 1956లో రాజ్యాంగంలోకి 350 ఏ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందించే ప్రయత్నం చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. బడి ఉండాలంటే పంతులు ఉండాలి కదా! అసలు చిక్కు అక్కడే ఉంది.

ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెప్పింది. దానిమీద జై ఆంధ్ర ఉద్యమం లేచింది, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి పదవి పోయింది. 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినై. జిల్లాయే లెక్క అయ్యింది. స్థానికుడివని చెప్పడానికి వరుసగా నాలుగేండ్లు ఎక్కడ చదివావో కాగితం చూపాలి. గుర్తింపు పొందిన బడిలో చదివినవాడికి అది సులువు. ఇంట్లోనో, మదర్సాలోనో కొన్నేండ్లు చదివి పరీక్షలు ప్రైవేటుగా కట్టినవాడు నివాస ధ్రువపత్రం కోసం తహసీల్ దఫ్తర్ చుట్టూ తిరగాలి. ముల్కీ సర్టిఫికెట్ పోయి స్టడీ సర్టిఫికెట్ వచ్చిందే తప్ప, కాగితం కోసం తిరిగే కాళ్ళు మారలేదు.

ఇక జీతం సంగతి. సర్కారు తక్కువ జీతానికి పంతుళ్ళను తెచ్చుకునే విద్య 1980లలోనే నేర్చింది. నెలకు 398 రూపాయలిచ్చి స్పెషల్ టీచర్లను పెట్టింది. '398 టీచర్లు' అని వాళ్ళకు పేరే పడిపోయింది. ఆ కాలాన్ని సర్వీసులో లెక్కగట్టి ఇంక్రిమెంట్లు ఇవ్వమని వాళ్ళు దశాబ్దాలపాటు కొట్లాడిండ్రు. తర్వాత డీఎస్సీ రాసి నెగ్గినవాళ్ళను కూడా అప్రెంటిస్‌లన్నారు. ఆ తర్వాత విద్యా వలంటీర్లు వచ్చిండ్రు. తెలంగాణలో వాళ్ళకు నెలకు 12,000 రూపాయలు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడంగనే వాళ్ళనూ ఇంటికి పంపిండ్రు. ఇది అన్ని కులాల, అన్ని మతాల పంతుళ్ళ బాధే. మాది వేరే బాధని చెప్పడం లేదు. కానీ పర్మినెంటు పోస్టు ఖాళీగా పడి ఉంటే, ఆ బడి వలంటీరుతోనే నడుస్తుంది. ఉర్దూ బడుల్లో ఆ ఖాళీ ఎందుకుంటుందో చూడండి.

డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులకూ రోస్టర్ ఉంటుంది. ఎస్సీలకు, ఎస్టీలకు కేటాయించిన పోస్టులుంటాయి. ఉర్దూ మీడియంలో చదివి టీచర్ ట్రైనింగ్ చేసిన దళిత, ఆదివాసీ అభ్యర్థులు దొరకడం అరుదు. పోస్టు నిండదు. మళ్ళీ డీఎస్సీకి జమ అవుతుంది, మళ్ళీ నిండదు. ఒకపక్క ట్రైనింగ్ అయిన ముస్లిం పిల్ల ఇంట్లో కూర్చుంటుంది, ఇంకోపక్క బడిలో కుర్చీ ఖాళీగా ఉంటుంది. మేము దళితుల వాటా అడగడం లేదు. వాళ్ళ హక్కు మీద చెయ్యి వేస్తే మా నోటికి న్యాయం అనే మాట తగదు. మేము అడిగేది ఇది. ఆ రోస్టర్ పాయింటును తెలుగు, ఇంగ్లీషు మీడియం పోస్టుకు మార్చి దళిత అభ్యర్థికే ఇవ్వండి. దానికి బదులు ఒక జనరల్ పోస్టును ఉర్దూ బడికి ఇవ్వండి. ఎవరి వాటా పోదు, ఏ కుర్చీ ఖాళీగా ఉండదు. దీనికి కావలసింది డబ్బు కాదు, మనసు.

2010 ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి కొత్త సనదు పుట్టించింది. దాని పేరు టెట్. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెప్పాలంటే ఆ పరీక్ష పాస్ కావాలి. 150 మార్కుల్లో జనరల్ వాళ్ళకు 90 రావాలి, బీసీలకు 75. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ నాలుగు శాతం కోటాలో ఉన్న ముస్లింకు 75 చాలు. ఆ జాబితాలో లేని సయ్యద్‌కు, పఠాన్‌కు 90 కావాలి. ఆ కోటా కూడా సుప్రీంకోర్టు 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడింది. మా నౌకరే కాదు, మా కులం కాగితం కూడా కాంట్రాక్టు మీద ఉన్నట్టే.

ఇది ఇక్కడితో ఆగలేదు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు, ఇదివరకే నౌకరిలో ఉన్న టీచర్లు కూడా, రిటైర్మెంటుకు ఐదేండ్లకు మించి ఉంటే, రెండేండ్లలో టెట్ పాస్ కావాలంది. ఐదేండ్ల లోపు ఉన్నవాళ్ళు కొనసాగవచ్చు గానీ టెట్ లేకుండా ప్రమోషన్ లేదంది. మైనారిటీ సంస్థల బడులకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి నివేదించింది. ఇరవై ఏండ్లు బోర్డు మీద రాసిన చెయ్యి మళ్ళీ పరీక్ష హాలులో కూర్చోవాలి. పిల్లలకు మంచి పంతులు కావాలి, ఆ మాట కాదనం. కానీ పాత పంతులుకు ట్రైనింగ్ ఇచ్చి నిలబెట్టడం ఒక పద్ధతి, కొత్త సనదు అడిగి భయపెట్టడం ఇంకో పద్ధతి. 1956లో చేరినంక నేర్చుకొమ్మన్న మర్యాదలో ఇప్పుడు మిగిలింది గడువు ఒక్కటే.

మరి సర్కారు బయట దారులేమున్నాయి? మదర్సాల్లో సైన్సు, లెక్కలు చెప్పడానికి 1993-94లో కేంద్రం ఒక పథకం పెట్టింది. తర్వాత డిగ్రీ ఉన్నవాళ్ళకు నెలకు 6,000, పీజీతో బీఎడ్ ఉన్నవాళ్ళకు 12,000 గౌరవ వేతనం అన్నది. 2022 మార్చి 31తో ఆ పథకమే ముగిసిపోయింది. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చినై. మంచిదే. కానీ అవి ఇంగ్లీషు మీడియం బడులు. ఉర్దూ మీడియంలో ట్రైనింగ్ అయినవాళ్ళకు అక్కడ ఉర్దూ సబ్జెక్టు ఒక్కటే దారి. ఇక ప్రైవేటు బళ్ళు. 2020లో అవి మూతపడినప్పుడు పంతుళ్ళు కూరగాయలమ్మిండ్రు, ఉపాధి పనులకు పోయిండ్రు. 2021 ఏప్రిల్‌లో సర్కారు వాళ్ళకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. దేశానికి చదువు చెప్పేవాడి ధర అప్పుడు తెలిసింది. ఇవన్నీ చూసిన జగిత్యాల, ధర్మపురి యువకుడు ఏం చేస్తాడు? బీఎడ్ సనదు ట్రంకు పెట్టెలో పెట్టి దుబాయి విమానమెక్కుతాడు. అక్కడ అతన్ని ఎవరూ టెట్ అడగరు. ఇంటి దగ్గర చెల్లె మాత్రం పక్క ప్రైవేటు బడిలో యాజమాన్యం ఇచ్చినంత తీసుకుని పాఠం చెబుతుంది. ఆమెకు గల్ఫ్ లేదు, డీఎస్సీ రాలేదు, చెప్పుకోవడానికి యూనియన్ లేదు.

2017 నవంబర్‌లో ఉర్దూను తెలంగాణ అంతటా రెండో అధికార భాష చేసిండ్రు. బోర్డుల మీద ఉర్దూ అక్షరాలు చూసి మా పెద్దలు మురిసిపోయిండ్రు. బోర్డు మీద అక్షరం రాస్తే భాష బతకదు. బడిలో పంతులు ఉంటే బతుకుతుంది. పంతులుకు నెలనెలా జీతం వస్తే బతుకుతుంది.

ధర్మపురి పిల్లవాడు ఉర్దూలో చదివి తెలుగులో కవి కావచ్చు, ముస్లిం పిల్ల శేషప్ప కవి పద్యం కంఠతా చెప్పి ఉర్దూలో లెక్కలు నేర్పవచ్చు. ఈ నేల చరిత్ర అదే చెబుతుంది. మా అస్తిత్వం మాకు మసీదు మినార్ మీదనే లేదు, నల్లబల్ల మీద కూడా ఉంది. మేము దయ అడగడం లేదు, ప్రత్యేక రాయితీ అడగడం లేదు. ఒకసారి ఇచ్చిన సనదును చెల్లనివ్వండి, ఖాళీ కుర్చీని నింపండి, చేసిన పనికి పూర్తి జీతం ఇవ్వండి. ఆ తర్వాత కూడా ముస్లింలు చదువుకోరని ఎవరైనా అంటే, అప్పుడు జవాబు మేము కాదు, మా పంతుళ్ళ దగ్గర చదివిన మీ పిల్లలే చెబుతారు.