హవానా చుట్ట: మాగే కాలం, మారిన చేతులు

క్యూబా దీవి పడమటి కొసన పినార్ దెల్ రియో ప్రాంతం ఉంది. అక్కడి వ్యుయెల్తా అబాహో ఎర్రనేలల్లో, ముఖ్యంగా సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తీనెస్ ఊళ్ల చుట్టుపక్కల పండే పొగాకుతోనే పేరుమోసిన హవానా చుట్టలు తయారవుతాయి. ఆకు కోసిన రోజు నుంచి చుట్ట వెలిగించే రోజు వరకు ఏళ్లు గడుస్తాయి. ఆ నిరీక్షణ భారాన్ని రైతు మోయాలా, కర్మాగారం మోయాలా, వర్తకుడు మోయాలా, కొన్నవాడే మోయాలా అన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. హవానా చుట్ట చరిత్రలో అసలు కథ ఇదే.

1492లో కొలంబస్ మనుషులు రొద్రీగో దె హెరేస్, లూయిస్ దె తోర్రెస్ క్యూబాలో తైనో ప్రజలు ఆకులు చుట్టి కాల్చడం చూశారు. ఆ అలవాటు స్పెయిన్ చేరాక ప్రభుత్వం దాన్ని ఆదాయ వనరుగా మార్చుకుంది. 1717లో క్యూబా పొగాకు మీద రాచరికపు గుత్తాధిపత్యం ప్రకటించడంతో రైతులు తిరగబడ్డారు. 1723 నాటి మూడో తిరుగుబాటును అణిచివేసి పలువురిని ఉరి తీశారు. ఆ శతాబ్దమంతా క్యూబా ఆకు ఓడల్లో సెవిల్ చేరేది, అక్కడి రాజ కర్మాగారంలో చుట్టలయ్యేది. నెపోలియన్ యుద్ధాల కాలంలో స్పెయిన్‌లో పోరాడిన బ్రిటిష్, ఫ్రెంచ్ సైనికులు ఆ రుచిని తమ దేశాలకు మోసుకెళ్లారు. 1817లో స్పెయిన్ రాజు ఏడో ఫెర్దినాందు గుత్తాధిపత్యాన్ని రద్దు చేయడంతో చుట్టే పని హవానాలోనే ఊపందుకుంది.

1840ల్లో హెచ్. ఉప్మన్, పార్తగాస్ వంటి పేర్లు పుట్టాయి. కర్మాగారంలో వరుస బల్లల ముందు కూర్చుని చుట్టే పనివాళ్లను తోర్సెదోర్లు అంటారు. గంటల తరబడి ఒకే కదలిక, చేతికి తప్ప మనసుకు పని ఉండదు. 1865లో ఎల్ ఫిగారో కర్మాగారంలో ఒక మంచి ఏర్పాటు మొదలైంది. పనివాళ్లలో ఒకరు గట్టిగా చదువుతుంటే మిగతావాళ్లు వింటూ చుట్టేవారు, చదివినవాడి కూలి నష్టాన్ని అందరూ చందా వేసుకుని పూడ్చేవారు. మరుసటి ఏడాదే పార్తగాస్‌లోనూ చదువరి బల్ల వెలిసింది. పొద్దున వార్తాపత్రికలు, తర్వాత నవలలు. అక్షరం రాని పనివాళ్లు కూడా విక్టర్ హ్యూగో, డ్యూమాల పాత్రల గురించి వాదించుకునే స్థితికి వచ్చారు. స్పెయిన్ అధికారులకు ఇది గిట్టలేదు. 1866లోనే నిషేధించారు, అయినా అది మళ్లీ మళ్లీ తలెత్తింది. డ్యూమా నవల మీది మక్కువే 1935లో మోంతెక్రిస్తో అనే చుట్టకు పేరు పెట్టించిందని చెబుతారు. కూలి పనిని విద్యాలయంగా మార్చుకున్న ఇలాంటి ఉదాహరణలు పరిశ్రమల చరిత్రలో అరుదు. 2012లో క్యూబా ఈ చదువును జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది.

బల్ల మీదికి వచ్చేసరికే ఆకు సగం ప్రయాణం పూర్తి చేసి ఉంటుంది. పైపొరకు వాడే ఆకు కోసం మొక్కల మీద పలుచని బట్ట పందిరి వేస్తారు, ఎండ సూటిగా తగలని ఆకు పలుచగా, నున్నగా ఎదుగుతుంది. లోపలికి వెళ్లే ఆకు ఎండలోనే పెరుగుతుంది. కింది నుంచి పైకి విడతలుగా రెలుస్తారు. కింది ఆకు వొలాడో, బాగా కాలుతుంది. నడిమి ఆకు సేకో, వాసనకు పేరు. పై ఆకు లిహేరో, ఎండను ఎక్కువగా తాగి ఘాటెక్కుతుంది. కర్రలకు కట్టి పాకల్లో సుమారు యాభై రోజులు ఆరబెట్టాక పచ్చదనం పోయి గోధుమరంగు వస్తుంది. ఆ తర్వాత ఆకును మండెలు వేస్తారు. పొగాకు పండించే ప్రకాశం జిల్లా రైతుకు మండె కొత్త కాదు, కానీ క్యూబాలో దాని ఉద్దేశం వేరు. కుప్ప లోపల ఆకు తనంతట తాను వేడెక్కి పులుస్తుంది, వేడి హద్దు మీరకముందే మండె విప్పి మళ్లీ కడతారు. అమోనియా ఘాటు ముక్కు పగిలేలా బయటికి కొడుతుంది. నికొటిన్ కొంత తగ్గుతుంది, చేదు తగ్గుతుంది. ఈనె తీశాక లోపలి ఆకును రెండోసారి పులియబెడతారు. చివరికి తాటిజాతికి చెందిన రాయల్ పామ్ చెట్టు పట్టాలో చుట్టి బేళ్లు కట్టి గోదాముల్లో పెడతారు. వొలాడో ఇంచుమించు ఏడాదికే సిద్ధమైతే, లిహేరో కనీసం రెండేళ్లు ఆగాలి.

తోర్సెదోర్ పరికరాలు కొన్నే: ఒక చెక్కపలక, చావేతా అనే వంపు కత్తి, కొద్దిగా చెట్టు జిగురు. లోపలి ఆకుల్ని గాలి ఆడే సందు ఉంచి ఒక్కొక్కటిగా మడిచి పేర్చాలి. ఘాటైన లిహేరో నడిమికి రావాలి, బయటికి వస్తే చుట్ట ఒక పక్కే కాలుతుంది. బిగువు ఎక్కువైతే పొగ రాదు, తక్కువైతే వేడెక్కి నోరు కాలుస్తుంది. చుట్టేటప్పుడు ఆకు తడిగా ఉంటుంది గనుక, పూర్తయిన చుట్టల్ని చల్లని గదిలోని అరల్లో వారాల పాటు ఆరనిస్తారు. తర్వాత రంగుల వారీగా వేరుచేసి దేవదారు అనే పేరుతో చలామణి అయ్యే సెద్రో చెక్క పెట్టెల్లో సర్దుతారు. నిజానికి అది దేవదారు కాదు, మన వేప కుటుంబపు చెట్టు. దాని చెక్క తేమను పీల్చి మళ్లీ మెల్లగా వదులుతుంది, దాని సువాసన చుట్టకు పడుతుంది.

పెట్టెలో ఉండగా చుట్ట మారుతుందన్న సంగతిని అందరికంటే శ్రద్ధగా పట్టించుకున్నవారు లండన్ వర్తకులు. హవానా నుంచి వచ్చిన సరుకును వెంటనే అమ్మకుండా నెలలు, ఏళ్లు చల్లని గదుల్లో ఉంచేవారు. 1907లో డ్యూక్ వీధిలో తెరిచిన డన్‌హిల్ దుకాణం ఖాతాదారుల చుట్టల్ని సైతం తన దగ్గరే దాచేది. బ్రిటన్‌లో మాగిన గోధుమరంగు చుట్టకు గిరాకీ ఉంటే, అమెరికాలో కందేలా అనే ఆకుపచ్చ పైపొరకు చాలాకాలం ఆదరణ ఉండేది. ఆకును వేడితో త్వరగా ఆరబెట్టి పచ్చదనాన్ని అలాగే నిలపడమే దాని కిటుకు. ఒకే దీవి ఆకు, ఒకచోట ఓపికకూ ఇంకోచోట తాజాదనానికీ ప్రతీక అయింది.

1960 సెప్టెంబరులో విప్లవ ప్రభుత్వం చుట్టల కర్మాగారాలను జాతీయం చేసింది. యజమానులు వలస వెళ్లి డొమినికన్ రిపబ్లిక్ వంటి చోట్ల అవే పేర్లతో వ్యాపారం సాగించారు. నేటికీ ఒకే బ్రాండు పేరు రెండు దేశాల చుట్టల మీద కనిపించడానికి కారణం ఇదే. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెనడీ క్యూబాపై వాణిజ్య నిషేధం విధించారు. సంతకానికి ముందు తన కోసం 1,200 పెటిట్ ఉప్మన్ చుట్టలు తెప్పించుకున్నారని ఆయన పత్రికా కార్యదర్శి పియెర్ సాలింజర్ తర్వాత వెల్లడించారు. అమెరికా మార్కెట్ పోయింది, పాత నిల్వలకు విలువ పెరిగింది. 1966లో మొదలైన కొహీబా కొన్నేళ్లు దేశాధినేతలకు బహుమతిగా మాత్రమే అందేది.

1980 ప్రాంతంలో నీలిబూజు తెగులు క్యూబా పంటను దాదాపు తుడిచిపెట్టింది. పైపొరకు పేరుపడ్డ కొరోహో రకం దానికి లొంగిపోయేది కాబట్టి క్రమంగా తెగులు తట్టుకునే సంకర రకాలు దాని స్థానంలోకి వచ్చాయి. పాత పెట్టెల మీది మోజుకు ఇదొక బలమైన కారణం: ఆ ఆకు ఇక పండదు. 1990ల చివర గిరాకీ ఉప్పెనలా వచ్చినప్పుడు ఉత్పత్తి పెంచే తొందరలో నాణ్యత దెబ్బతింది, పొగ లాగలేని చుట్టలు మార్కెట్లోకి వచ్చాయి. ఈ సరుకులో ఓపికను కుదిస్తే ఫలితం కాల్చేవాడి నోటికే తెలిసిపోతుంది.

కొన్నవాడు వయసు లెక్కపెట్టుకోవడం తేలికైంది మాత్రం 1985 నుంచి. ఆ ఏడాది పెట్టెల అడుగున కర్మాగారం, తేదీ తెలిపే ముద్ర మొదలైంది. మొదట్లో అది గుప్తలిపి. ‘నివెల్ అకుసో’ అనే పది అక్షరాల్లో మొదటి తొమ్మిదీ ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలకు, చివరిది సున్నాకు గుర్తు. ఇప్పుడైతే నెల, సంవత్సరం నేరుగానే ముద్రిస్తున్నారు.

ఇంట్లో దాచడానికి వాడే హ్యూమిడార్ పెట్టె లోపల సెద్రో చెక్కే ఉంటుంది. తేమ 65 నుంచి 70 శాతం, వేడి 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలన్నది చుట్టలు అమ్మే క్యూబా సంస్థ సూచన. కొత్తవాళ్లు సాధారణంగా తడి ఎక్కువ చేస్తారు. అప్పుడు చుట్ట ఉబ్బి పైపొర చిట్లుతుంది, బూజు పడుతుంది. వేడి పాతిక డిగ్రీల వైపు వెళ్తే ఆకులో దాగిన పొగాకు పురుగు గుడ్లు పొదిగి చుట్టకు సూదిబెజ్జాలు పడతాయి. అందుకే ఎగుమతికి ముందు సరుకును గడ్డకట్టించి గుడ్లను చంపుతున్నారు. వేసవిలో నలభై దాటే మన ఊళ్లలో చల్లదనం ఏర్పాటు లేకుండా దాచడం కుదరని పని. కొత్త చుట్టలో మిగిలిన అమోనియా మొదటి నెలల్లో మళ్లీ పైకి తేలవచ్చు. అది పోయాక రుచి గుండ్రబడుతుంది. ఘాటైన చుట్ట పదేళ్లకు పైగా మెరుగవుతుంది, తేలికపాటిది అంతకాలం నిలవక చప్పబడుతుంది.

కాల్చే పద్ధతి కూడా నిదానానికే కట్టుబడింది. మూసి ఉన్న కొసను పలుచగా కోసి, మంట తగలకుండా అంచు చుట్టూ వేడి చూపి వెలిగిస్తారు. నిమిషానికి ఒక దమ్ము చాలు, పొగ నోట్లోనే ఉంచి వదులుతారు, ఊపిరితిత్తుల్లోకి తీసుకోరు. అంతమాత్రాన హాని తప్పదు. చుట్ట పొగ నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు కారణం. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర తీరపు స్త్రీలలో అంగిలి క్యాన్సర్‌ను వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. హవానా చుట్టకు ప్రపంచంలోనే పెద్ద ప్రచారకర్త లాంటి ఫిదెల్ కాస్ట్రో 1985లో మానేశారు.

మాగబెట్టే పని ఈ శతాబ్దంలో మళ్లీ హవానా చేతికి వస్తోంది. మూడేళ్లు ఉంచిన ఆకుతో రిజర్వా, ఐదేళ్లు ఉంచిన ఆకుతో గ్రాన్ రిజర్వా చుట్టలు చేస్తున్నారు. చుట్టాక పెట్టెల్లోనే ఏళ్లు ఆపి అన్యెహాదోస్ పేరుతో విడుదల చేస్తున్నారు. అయితే గోదాములో ఎంత ఓపిక ఉన్నా ముందు ఆకు ఉండాలి. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుఫాను పినార్ దెల్ రియోలో వేల సంఖ్యలో ఆరబెట్టే పాకల్ని కూల్చింది. పాకలు కొన్ని తిరిగి కట్టుకుని రైతులు 2023 మొదట్లో కోసిన లిహేరో, చుట్టే బల్ల మీదికి రావడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది.