బర్న్‌అవుట్ (మానసిక అలసట)

బర్న్‌అవుట్ అనగా చాలాకాలం పాటు ఎడతెగని ఒత్తిడికి లోనైన మనిషిలో శక్తి, ఆసక్తి, తనపై తనకు గల నమ్మకం క్రమంగా క్షీణించిపోయే స్థితి. ఈ ఆంగ్ల పదానికి "పూర్తిగా కాలిపోవడం" అని అర్థం. సోమరితనానికీ దీనికీ సంబంధం లేదు. పని మీద, చదువు మీద ఎక్కువ శ్రద్ధ గలవారే తరచుగా దీని బారిన పడుతుంటారు. నిన్నటికంటే నేడు, నేటికంటే రేపు మెరుగు కావాలనే నిరంతర స్వీయాభివృద్ధి భావన ఆధునిక సమాజంలో ఈ స్థితికి ఒక ముఖ్య కారణమని పలువురు సామాజికవేత్తలు భావిస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఇది పోటీ పరీక్షలకు చదివే యువతలోను, సాఫ్ట్‌వేర్, వైద్య, విద్యా రంగాల్లో పనిచేసేవారిలోను ఎక్కువగా చర్చకు వస్తున్నది.

చరిత్ర

అధిక శ్రమ వలన కలిగే మానసిక నీరసాన్ని వైద్యులు 19వ శతాబ్దంలోనే గుర్తించారు. అమెరికా వైద్యుడు జార్జ్ బియర్డ్ 1869లో దీనిని "న్యూరస్థీనియా" అనే పేరుతో వర్ణించాడు. గ్రాహం గ్రీన్ 1960లో వెలువరించిన "ఎ బర్న్ట్-అవుట్ కేస్" నవలతో "కాలిపోయిన మనిషి" అనే మాట సాహిత్యంలో ప్రచారం పొందింది.

ఈ పదాన్ని మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందంగా పనిచేసేవారు కొంతకాలానికి నీరసించి, రోగుల పట్ల విసుగు చెందడాన్ని గమనించి 1974లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన పరిశీలించినవారు పని తప్పించుకునేవారు కారు, సేవాభావంతో ముందుకు వచ్చినవారు. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో దీనిని కొలిచే ప్రశ్నావళిని రూపొందించారు. విల్మర్ షౌఫెలీ తదితరులు 2002లో ఈ ప్రశ్నావళిని విద్యార్థులకు అనువుగా మార్చారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ను చేర్చింది. ఈ వర్గీకరణ 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఇందులో దీనిని వ్యాధిగా కాక, ఉద్యోగ వాతావరణంలో సరిగా అదుపు చేయని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగా పేర్కొన్నారు.

లక్షణాలు

మాస్లాక్ ప్రకారం బర్న్‌అవుట్‌కు మూడు ముఖాలు కలవు.

* శక్తి హరించుకుపోవడం: రాత్రి నిద్రపోయినా ఉదయానికి అలసట తీరదు. పని మొదలుపెట్టక ముందే నీరసం ఆవహిస్తుంది.
* విముఖత: ఒకప్పుడు ఇష్టపడి చేసిన పని పట్ల, తోటివారి పట్ల విసుగు, వెటకారం, అంటీముట్టని ధోరణి ఏర్పడతాయి.
* తాను పనికిరాననే భావన: ఎంత చేసినా ఏమీ చేయలేదనిపిస్తుంది. సాధించినది కూడా లెక్కకు రాదు.

వీటితో పాటు తలనొప్పి, నిద్రలేమి, ఏకాగ్రత లోపించడం, చిన్న విషయాలకే కోపం రావడం కనిపించవచ్చు. మామూలు అలసట నాలుగు రోజుల విశ్రాంతితో తీరుతుంది. బర్న్‌అవుట్ అలా తీరదు, సెలవు ముగిసి పని దగ్గరకు రాగానే తిరగబెడుతుంది. దీని లక్షణాలు కొన్ని కుంగుబాటు వ్యాధి లక్షణాలతో కలుస్తాయి. అయితే కుంగుబాటు జీవితంలోని అన్ని విషయాలకూ వ్యాపిస్తుంది, బర్న్‌అవుట్ మొదట్లో పనికి లేదా చదువుకే పరిమితమై ఉంటుంది. ఈ రెంటినీ వేరుచేసి చెప్పవలసినది వైద్యులే.

కారణాలు

మాస్లాక్, మైఖేల్ లీటర్ కలిసి పనిచోట ఆరు రకాల లోపాలను గుర్తించారు. అవి: మోయలేనంత పనిభారం, తన పనిపై తనకు అదుపు లేకపోవడం, తగిన ప్రతిఫలం లేదా గుర్తింపు లేకపోవడం, తోటివారితో సఖ్యత కొరవడడం, న్యాయం జరగకపోవడం, తన విలువలకు విరుద్ధమైన పని చేయవలసి రావడం. ఈ ఆరింటిలో ఏదీ వ్యక్తి బలహీనత కాదు. అందువలన బర్న్‌అవుట్‌కు గురైనవారికి "మనసు గట్టిచేసుకో, ఇంకా కష్టపడు" అని చెప్పడం వలన ప్రయోజనం ఉండదు. పైగా ఆ సలహా భారాన్ని పెంచుతుంది.

స్వీయాభివృద్ధి భావన

శామ్యూల్ స్మైల్స్ 1859లో ప్రచురించిన "సెల్ఫ్ హెల్ప్", డేల్ కార్నెగీ 1936లో ప్రచురించిన "హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్" ఈ తరహా రచనల్లో ప్రసిద్ధమైనవి. తెలుగులో దీనికి "వ్యక్తిత్వ వికాసం" అనే పేరు స్థిరపడింది. యండమూరి వీరేంద్రనాథ్ రచించిన "విజయానికి ఐదు మెట్లు", బి.వి. పట్టాభిరామ్ రచనలు విస్తృతంగా పాఠకాదరణ పొందాయి. చిన్న ఊళ్ల నుండి, చదువుకోని కుటుంబాల నుండి వచ్చిన ఎందరో యువకులకు ఇటువంటి పుస్తకాలు ధైర్యాన్ని, దారిని ఇచ్చాయి. కావున స్వీయాభివృద్ధి తనంతట తాను దోషం కాదు. అది హద్దు లేనిదైనప్పుడు మూడు విధాలుగా హాని చేస్తుంది.

మొదటిది, గమ్యం జరుగుతూ పోతుంది. ఒక మెట్టు ఎక్కగానే మరొకటి ఎదురవుతుంది కనుక తృప్తికి చోటు ఉండదు. రెండవది, విశ్రాంతి తప్పుగా తోస్తుంది. ఆట, పాట, బంధువుల ఇంట పెళ్లి వంటివన్నీ "వృథా అయిన కాలం" లెక్కలోకి చేరతాయి. మూడవది, ఓటమికి కారణం పూర్తిగా వ్యక్తే అవుతాడు. అవకాశాలు తక్కువగా ఉండడం, నోటిఫికేషన్ రాకపోవడం వంటి బయటి కారణాలు మరుగున పడతాయి.

దక్షిణ కొరియాలో జన్మించిన జర్మనీ తత్త్వవేత్త బ్యుంగ్-చుల్ హాన్ 2010లో ఈ విషయంపై ఒక గ్రంథం ప్రచురించాడు. పూర్వపు సమాజం మనిషిని నిషేధాలతో అణచగా, నేటి సమాజం "నీవు చేయగలవు" అనే ప్రోత్సాహంతోనే అలసిపోయేలా చేస్తున్నదని, ఇందులో పని చేయించేవాడు, చేసేవాడు ఒక్కడే కావడం వలన ఎదురు తిరగడానికి ఎవరూ కనపడరని ఆయన వాదన.

తెలుగు రాష్ట్రాల్లో

నంద్యాల, కోయిలకుంట్ల ప్రాంతం

బ్యాంకు ఉద్యోగ పరీక్షల శిక్షణకు తెలుగు రాష్ట్రాల్లో పేరు పొందిన పట్టణం నంద్యాల. ఇతర జిల్లాల యువతీయువకులు కూడా ఇక్కడ హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుకుంటారు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాలో కోయిలకుంట్ల ఒక మండల కేంద్రం. ఈ ప్రాంతపు నల్లరేగడి నేలల్లో శనగ, జొన్న ముఖ్యమైన పంటలు. వర్షాధారపు సేద్యంలో ఏ ఏటి రాబడి ఎంతో ముందుగా చెప్పలేని కుటుంబాలకు నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం పెద్ద ఆధారం. ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తే అప్పులు తీరతాయనే ఆశ చదివేవారిపై ఒక బరువుగా కూడా ఉంటుంది.

ప్రభుత్వ రంగ బ్యాంకుల నియామకాలకు ఐబీపీఎస్ 2011 నుండి ఉమ్మడి రాత పరీక్ష నిర్వహిస్తున్నది. ప్రాథమిక పరీక్షలో 100 ప్రశ్నలకు 60 నిమిషాల వ్యవధి ఉంటుంది. తప్పు సమాధానానికి నాలుగో వంతు మార్కు తగ్గిస్తారు. సాధారణ అభ్యర్థులకు క్లర్కు స్థాయి పోస్టులకు 28 ఏళ్లు, ప్రొబేషనరీ అధికారి పోస్టులకు 30 ఏళ్లు వయోపరిమితి. ఇటువంటి పరీక్షల్లో ఉత్తీర్ణత మార్కు ముందుగా నిర్ణయించి ఉండదు. పోస్టుల సంఖ్యను, అభ్యర్థుల మార్కులను బట్టి కటాఫ్ ఏర్పడుతుంది. ఒక అభ్యర్థి గత ఏడాదికంటే పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నా, అందరూ అంతే మెరుగుపడితే కటాఫ్ కూడా పెరిగి అతడు బయటనే మిగిలిపోవచ్చు. అందరూ కలిసి మెరుగుపడినంత మాత్రాన పోస్టులు పెరగవు. మూడు, నాలుగు ఏళ్లు ఇలా గడిచిన అభ్యర్థి తన శ్రమలో లోపం ఉన్నదని భావించి మరింత సేపు కూర్చుంటాడు. వయోపరిమితి దగ్గరపడే కొద్దీ ఈ ఒత్తిడి పెరుగుతుంది.

నియామకాల జాప్యం

ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత ఉపాధ్యాయ నియామకాలకు పెద్ద నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో వెలువడింది. 16,347 పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో తిరిగి జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ ప్రకారం 2024 జూన్‌లో మూడవసారి పరీక్ష జరిగింది. ఒకే స్థాయి సన్నద్ధతను ఏళ్ల తరబడి నిలుపుకోవలసి రావడం, ఫలితం తమ చేతిలో లేకపోవడం బర్న్‌అవుట్‌కు అనువైన పరిస్థితులు.

ఇంటర్మీడియట్ విద్య

ఇంజనీరింగు, వైద్య ప్రవేశ పరీక్షల కోసం తెలుగు రాష్ట్రాల్లో ఆవాస జూనియర్ కళాశాలలు విస్తరించాయి. తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయే వరకు సాగే చదువు, వారం వారం పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం పలు కళాశాలల్లో సాధారణం. విద్యార్థుల ఆత్మహత్యల నేపథ్యంలో ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ ఏర్పడ్డాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 13,044 మంది విద్యార్థులు. వీటన్నింటికీ చదువే కారణం కాదు.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు జారీచేసింది. 16 ఏళ్ల లోపు వారిని చేర్చుకోరాదని, రోజుకు 5 గంటలకు మించి తరగతులు నడపరాదని, వారానికి ఒక సెలవు ఉండాలని వీటిలో సూచించారు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకుమించి విద్యార్థులు గల సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయరాదని, నలుగురిలో అవమానించరాదని అందులో పేర్కొన్నది.

ఉద్యోగ రంగం

హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ సంస్థల్లో అమెరికా వేళలకు అనుగుణంగా రాత్రిపూట సమావేశాలు, పనితో పాటు కొత్త సాంకేతిక విద్యలను సొంత సమయంలో నేర్చుకోవలసిన అవసరం సాధారణమయ్యాయి. వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు నారాయణమూర్తి 2023లో చేసిన సూచన, 90 గంటల పనిని సమర్థిస్తూ లార్సెన్ అండ్ టూబ్రో అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ మాటలు 2025 జనవరిలో వెలుగులోకి రావడం దేశవ్యాప్త చర్చకు దారితీశాయి. భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికుల పనికి వారానికి 48 గంటల పరిమితిని నిర్ణయించింది.

ఆరోగ్యంపై ప్రభావం

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం వారానికి 55 లేదా అంతకుమించి గంటలు పనిచేసేవారికి, 35-40 గంటలు పనిచేసేవారితో పోల్చితే, పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. అధిక పనిగంటల వలన 2016లో ప్రపంచంలో సుమారు 7,45,000 మంది మరణించారని ఈ అధ్యయనం అంచనా వేసింది.

ఇతర దేశాల్లో

జపానులో అధిక శ్రమ వలన కలిగే మరణాన్ని "కరోషి" అంటారు. దీని నివారణకు అక్కడ 2014లో చట్టం చేశారు. ఫ్రాన్సులో పనివేళల తరువాత సంస్థ సందేశాలకు దూరంగా ఉండే హక్కు 2017లో అమలులోకి వచ్చింది. చైనాలో అంతులేని పోటీకి విసిగిన యువత 2021లో "తాంగ్‌పింగ్" అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. దీనికి "వెల్లకిలా పడుకోవడం" అని అర్థం.

నివారణ

* వ్యక్తి స్థాయిలో: చదువుకు, పనికి ముగింపు వేళ నిర్ణయించుకోవడం, సరిపడా నిద్ర, వారానికి ఒక పూట పూర్తి విరామం, ఎన్ని ప్రయత్నాలు చేయాలో ముందే నిర్ణయించుకొని మరొక ఉపాధి మార్గాన్ని సిద్ధం చేసుకోవడం.
* కుటుంబ స్థాయిలో: ఇతరుల పిల్లలతో పోల్చకపోవడం, ఫలితాల రోజున తోడుగా ఉండడం, ఉద్యోగం రానంత మాత్రాన ఇంట్లో గౌరవం తగ్గదని మాటల్లోను, చేతల్లోను తెలియజేయడం.
* సంస్థల స్థాయిలో: పనిగంటలకు హద్దు, సెలవులు, కౌన్సెలింగ్ సదుపాయం, పరీక్షల క్యాలెండర్‌ను ప్రకటించి దానికి కట్టుబడి ఉండడం.

విరామం పనిలో భాగమే అనడానికి ఈ ప్రాంతపు సేద్యమే ఉదాహరణ. కోయిలకుంట్ల ప్రాంతపు నల్లరేగడి పొలాలను ముంగారులో ఖాళీగా ఉంచి, ఆ వానల తేమతో హింగారులో శనగ పండించే పద్ధతి కలదు. ఖాళీగా ఉన్న ఆ నెలల్లో నేల తరువాతి పంటకు కావలసిన తేమను నిలుపుకుంటుంది.

భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా మానసిక ఆరోగ్య సలహా పొందవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. చనిపోవాలనే ఆలోచనలు వచ్చినప్పుడు ఆలస్యం చేయకుండా వైద్యులను సంప్రదించాలి.

విమర్శలు

బర్న్‌అవుట్‌కు, కుంగుబాటుకు మధ్య గీత స్పష్టంగా లేదని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఉద్యోగ రంగానికే పరిమితం కావడం వలన విద్యార్థులు, ఇంటి పని చేసే స్త్రీలు దాని పరిధిలోకి రారు. ఈ పదం జీతగాళ్ల అలసటకే పేరు పెట్టిందనే విమర్శ కూడా ఉన్నది. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుండి ఏటా మిరప, పత్తి కోతలకు గుంటూరు ప్రాంతానికి కుటుంబాలతో వలస వెళ్లే కూలీలు ఇందుకు ఉదాహరణ. ఈ వలసను స్థానికంగా "సుగ్గి" అంటారు. వారి శ్రమకు కూడా హద్దు లేదు, విశ్రాంతి తీసుకుంటే ఆ రోజు కూలి పోతుంది. విశ్రాంతి తీసుకోమనే సలహా, దానికి వీలు కల్పించే ఆదాయం, చట్టం ఉన్నచోటనే పనిచేస్తుంది.

ఇవి కూడా చూడండి

* కోయిలకుంట్ల
* నంద్యాల
* కుంగుబాటు
* వ్యక్తిత్వ వికాసం
* ఐబీపీఎస్