బందరు రేవు నుండి మక్కాకు వెళ్ళిన బియ్యం

బందరు చూడబోయేవారికి ఆ ఊరి పేరే మొదటి శాసనం. ఫార్సీలో బందర్ అంటే ఓడరేవు. ఇరాన్ దేశపు బందర్ అబ్బాస్‌లో ఉన్నదీ ఈ మాటే. ఇక మచిలీపట్నమనే పేరు ఉర్దూలోని మఛ్లీ నుండి వచ్చిందని కొందరంటారు. అనువాదం వృత్తిగా గల నాకు ఈ వ్యుత్పత్తి రుచించదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ ఈ తీరాన్ని మసాలియా అన్నది. రెండవ శతాబ్దంలో టాలెమీ మైసోలియా అన్నాడు. అప్పటికి ఉర్దూ ఎక్కడిది?

ఊరికి వచ్చిన యాత్రికునికి సాధారణంగా చూపేవి డచ్చివారి సమాధులు, బందరు కోట శిథిలాలు, మంగినపూడి సముద్రం. అక్కడి తీరంలో ఇసుకకు బదులు నల్లమట్టి కాలికి అంటుతుంది. సమాధుల రాళ్ళమీది అక్షరాలు, వంశచిహ్నాలు నిజంగా చూడదగినవే. డచ్చివారు పదిహేడవ శతాబ్దారంభంలోను, ఆంగ్లేయులు 1611లోను ఇక్కడ వర్తకశాలలు పెట్టారు. అయితే వారు వచ్చింది అప్పటికే ఓడలతో నిండిన గోల్కొండ రేవుకు. వారు రేవును సృష్టించలేదు. చార్మినారును చూచిన కన్ను ఇక్కడ కుతుబ్‌షాహీల అటువంటి కట్టడాన్ని వెదికి నిరాశ చెందుతుంది. కారణం ఊహించదగినదే. 1618 నుండి 1622 వరకు ఇక్కడున్న విలియం మెథ్‌వోల్డ్ అనే ఆంగ్ల వర్తకుడు ఈ పట్నాన్ని ప్రాకారం లేనిదిగా, జనం కిక్కిరిసినదిగా, ఉప్పునీటి బావులతో పల్లపు నేలమీద నాసిగా కట్టినదిగా వర్ణించాడు. ఆ పట్నపు సంపద గోడలకెక్కలేదు, ఓడల మీదనే తేలింది. మిగిలినదానిలో ఎంతో భాగాన్ని 1864 నవంబరు 1 రాత్రి తుఫాను ఉప్పెన తీసుకుపోయింది. ఆ ఒక్క ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు.

మెథ్‌వోల్డ్ రాతలోనే మన పాఠకులు తప్పక ఎరుగవలసిన సంగతి ఒకటున్నది. బందరు ఓడలు సెప్టెంబరులో అరకాన్, పెగూ, తెనాసరిం వైపు, జనవరిలో ఎర్రసముద్రపు మోఖా రేవుకు బయలుదేరేవి. గోల్కొండ సుల్తాను ఏటేటా మక్కా, మదీనాలకు వచ్చే యాత్రికులకు పంచిపెట్టడానికి ధర్మంగా విస్తారమైన బియ్యం పంపేవాడట. హజ్‌కు పోయే దక్కను ముస్లింలకు కూడా ఇదే తూర్పు వాకిలి. పడమటి తీరాన సూరత్ ఎటువంటిదో, ఈ తీరాన బందరు అటువంటిది. సూరత్ కీర్తి అందరికీ తెలుసు. బందరు అనగానే మాత్రం లడ్డు గుర్తుకు వస్తుంది.

లడ్డును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. శనగపిండిని పూసగా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లపు పాకంతోను నేతితోను మళ్ళీ దంచుతారు. అందుకే దానిని తొక్కుడు లడ్డు అంటారు. నోట్లో వేసుకుంటే నమలవలసిన పని ఉండదు. నల్ల హల్వాకు గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లంతో గంటల తరబడి కలియబెట్టాలి. చేయి ఆగితే అడుగంటుతుంది. బుందేల్‌ఖండ్ నుండి వచ్చిన బొందిలీలు ఈ మిఠాయిలను తెచ్చారని ఊరివారు చెబుతారు. హల్వా అనే మాట మాత్రం అరబ్బీ. తీపి అనే అర్థమిచ్చే ధాతువు నుండి వచ్చింది.

మాట ఒకచోటిది, చేయి మరొకచోటిది కావడం ఈ ప్రాంతపు అలవాటు. పక్కనున్న పెడనలో కలంకారీ చూడండి. కలం, కారీ రెండూ మన ఫార్సీ నిఘంటువులోనివే. అద్దేది తెలుగు కార్మికులు. పైగా ఇక్కడ కలం అరుదు. చెక్క అచ్చులతోనే ఎక్కువ పని. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి నలుపు తీస్తారు. హల్వాలోను, అద్దకంలోను బెల్లమే!

తీరిక గలవారు బందరుకు పడమరగా ఉన్న ఘంటసాలకూ వెళ్ళాలి. టాలెమీ చెప్పిన కంటకోసిల ఇదేనని పండితుల నిర్ణయం. బౌద్ధ స్తూపంతోపాటు ఇక్కడ దొరికిన ప్రాకృత శాసనమొకటి శివకుడనే మహానావికుని పేర్కొన్నది. ఇప్పుడు ఆ ఊరి నుండి సముద్రం కనబడదు. కృష్ణానది తెచ్చిన ఒండ్రు తీరాన్ని తూర్పుకు నెట్టింది. బందరు రేవును కూడా అదే ఒండ్రు పూడ్చింది. పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే పడవలలో సరుకు చేర్చవలసి వచ్చేది.

2023లో బందరు తీరాన కొత్త రేవు నిర్మాణం మొదలైంది. డచ్చి సమాధులకు పురావస్తుశాఖ రక్షణ ఉన్నది. జనవరి గాలికి మోఖా వైపు తెరచాపలెత్తిన ఓడలను గూర్చి, వాటిలోని ధర్మపు బియ్యాన్ని గూర్చి ఆ కొత్త రేవు వాకిట ఒక రాతిపలక నిలిపితే అందుకు తగిన వాక్యాలు మెథ్‌వోల్డ్ పుస్తకంలో సిద్ధంగానే ఉన్నాయి. వాటిని తెలుగులోకి, ఉర్దూలోకి తేవడం ఒక పూట పని.