ఫ్లోరిడా గృహబీమా ప్రీమియం: ఆండ్రూ తుపాను అనంతర చరిత్ర (1992–2023)

కీలక పదాలు: గృహబీమా, పునర్బీమా, ఆండ్రూ తుపాను, సిటిజన్స్ సంస్థ, ప్రీమియం నియంత్రణ.

1. ఉపోద్ఘాతం

అమెరికాలో గృహబీమా ఖర్చు అధికంగా ఉన్న రాష్ట్రాల ప్రస్తావన వస్తే ఫ్లోరిడా పేరు తప్పక వినిపిస్తుంది. అది మూడు వైపులా సముద్రమున్న ద్వీపకల్పమనీ, తుపానుల దారిలో ఉన్నదనీ కారణం చెబుతారు. ఈ కారణం నిజమే గాని, అసంపూర్ణం. భౌగోళిక స్థితి మారలేదు. ప్రీమియం మాత్రం 1992 తరువాత విడతలు విడతలుగా పెరిగింది. అరుదుగా వచ్చే పెనునష్టాన్ని ఎవరు, ఎప్పుడు భరించాలన్న ప్రశ్నకు ఆ రాష్ట్రం వేర్వేరు కాలాల్లో చెప్పుకొన్న సమాధానాలే ఈ పెరుగుదలకు రూపమిచ్చాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రశాంత కాలపు లెక్కలు

1965లో బెట్సీ తుపాను తరువాత 27 ఏళ్లపాటు మయామీ ప్రాంతాన్ని అంతటి తీవ్రమైన తుపాను తాకలేదు. ఇంచుమించు ఆ కాలంలోనే రాష్ట్ర జనాభా రెండున్నర రెట్లు దాటింది: 1960 జనగణనలో 49.5 లక్షలు, 1990లో 1.29 కోట్లు. తీరం వెంట ఇళ్లు బారులు తీరాయి. బీమా సంస్థలు గడచిన కొన్ని దశాబ్దాల నష్టాల సగటును బట్టి ప్రీమియం నిర్ణయించేవి. తుపానులు తక్కువగా వచ్చిన కాలపు సగటు సహజంగానే తక్కువగా తేలింది.

అగ్నిప్రమాదానికి, దొంగతనానికి ఈ పద్ధతి సరిపోతుంది. ఒక ఇల్లు కాలడానికీ దూరాన మరో ఇల్లు కాలడానికీ సంబంధం ఉండదు కనుక ఏటి ప్రీమియం ఏటి నష్టానికి చాలుతుంది. తుపాను స్వభావం వేరు. అది ఒకే రోజున వేల ఇళ్లను దెబ్బతీస్తుంది. అనేక ఏళ్ల వసూళ్లు ఒక్క పూటలో హరించుకుపోతాయి.

3. ఆండ్రూ: లెక్క మారిన రోజు

1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను హోంస్టెడ్ సమీపంలో తీరం దాటింది. డేడ్ కౌంటీలో 25 వేలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. లక్షకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. బీమా పరిధిలోని నష్టం సుమారు 1,550 కోట్ల డాలర్లు. అనేక చిన్న సంస్థలు దివాలా తీశాయి. పెద్ద సంస్థలు ఫ్లోరిడా పాలసీలను తగ్గించుకోజూడగా, పాలసీల రద్దుపై రాష్ట్రం 1993లో ఆంక్షలు విధించింది.

ఆండ్రూ తరువాత మూడు శాశ్వతమైన మార్పులు వచ్చాయి. మొదటిది, గత నష్టాల సగటుకు బదులు సంభావ్య తుపానులను కంప్యూటర్‌లో వేల సార్లు ఊహించి నష్టం అంచనా వేసే నమూనాలు ప్రీమియానికి ఆధారమయ్యాయి. వాటిని పరిశీలించేందుకు రాష్ట్రం 1995లో ఒక సంఘాన్ని నియమించింది. రెండవది, బీమా సంస్థలు తమ నష్టభయంలో కొంత భాగాన్ని ఇతర సంస్థలకు అప్పగించే పునర్బీమా ప్రీమియంలో ప్రధాన భాగమైంది. ప్రపంచ విపణిలో దాని ధర పెరిగితే ఫ్లోరిడా గృహస్థు బిల్లు కూడా పెరిగేది. ఆ భారాన్ని కొంత తగ్గించేందుకు 1993లో రాష్ట్రమే తుపాను విపత్తు నిధిని ఏర్పాటు చేసింది. మూడవది, తుపాను నష్టానికి ప్రత్యేక డిడక్టబుల్ వచ్చింది. ఇంటి బీమా విలువలో 2, 5 లేదా 10 శాతం వంటి నిర్ణీత భాగాన్ని యజమానే భరించాలి.

4. చివరి ఆశ్రయమైన ప్రభుత్వ సంస్థ

ప్రైవేటు సంస్థలు నిరాకరించిన ఇళ్లకోసం నడిచిన రెండు సంఘాలను కలిపి 2002లో సిటిజన్స్ ప్రాపర్టీ ఇన్సూరెన్స్ కార్పొరేషన్‌ను స్థాపించారు. రెండేళ్లలోనే దానికి పరీక్ష ఎదురైంది. 2004లో చార్లీ, ఫ్రాన్సిస్, ఐవాన్, జీన్ తుపానులు సుమారు ఆరు వారాల వ్యవధిలో రాష్ట్రాన్ని తాకాయి. 2005లో విల్మా వచ్చింది. సిటిజన్స్ లోటులో పడింది. ఆ లోటును పూడ్చేందుకు ఇతర సంస్థల పాలసీదారులపైనా, చివరకు కారు బీమా ఉన్నవారిపైనా అదనపు రుసుము విధించారు. ఆ వసూలు 2015 వరకు కొనసాగింది.

ఇక్కడే అసలు వివాదం ఉంది. తీరాన ఇల్లున్నవారి నష్టాన్ని లోతట్టున అద్దెకుండి కారు మాత్రమే కలిగిన వ్యక్తి పంచుకోవడం న్యాయమా? మరోవైపు, తీరవాసులందరూ సంపన్నులు కారు. పాత ఇళ్లలోని పింఛనుదారులను పూర్తి ధర చెల్లించమంటే వారు ఇల్లు వదులుకోవలసి వస్తుంది. 2007 జనవరిలో శాసనసభ రెండవ వాదన వైపు మొగ్గి సిటిజన్స్ ధరలను తగ్గించింది. తరువాతి చట్టం 2010 నుంచి పెంపును ఏటా 10 శాతానికి పరిమితం చేసింది. ప్రీమియం నష్టభయం కంటే తక్కువగా ఉన్నంత కాలం, ఆ తేడా భవిష్యత్తుపై వాయిదా వేసిన అప్పే అయింది.

5. న్యాయస్థానం చేర్చిన ఖర్చు

బీమా సంస్థపై దావా గెలిచిన పాలసీదారుకు ఆ సంస్థే న్యాయవాది రుసుము చెల్లించాలన్న నియమం ఫ్లోరిడాలో 1893 నుంచి ఉండేది. బలహీనుడిని కాపాడేందుకు పుట్టిన ఈ నియమాన్ని, పాలసీదారు హక్కును మరమ్మతుదారుకు బదలాయించే పద్ధతితో కలిపి వాడుకోవడంతో వ్యాజ్యాలు విపరీతంగా పెరిగాయి. రాష్ట్ర బీమా నియంత్రణ కార్యాలయం లెక్క ప్రకారం 2019లో దేశంలోని గృహబీమా క్లెయిములలో సుమారు 8 శాతమే ఫ్లోరిడావి. దావాలలో మాత్రం 76 శాతం ఆ రాష్ట్రానివే. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను వచ్చింది. ఆ డిసెంబరులో శాసనసభ ఆ నియమాన్నీ, ఆ పద్ధతినీ కొత్త గృహబీమా పాలసీలకు రద్దు చేసింది. 2023లో సిటిజన్స్ పాలసీలు 14 లక్షలకు చేరాయి. ఖర్చు తగ్గించేందుకు నిజమైన మోసాన్ని అరికట్టారా, లేక గృహస్థు చేతిలోని ఆయుధాన్ని తీసివేశారా అన్నది నేటికీ చర్చనీయాంశమే.

6. సగటు చెప్పనివి

రాష్ట్ర సగటు ప్రీమియం అనే ఒక్క అంకె ఈ చరిత్రను కప్పిపుచ్చుతుంది. 2002 మార్చిలో అమలుకు వచ్చిన రాష్ట్రవ్యాప్త నిర్మాణ నియమావళి తరువాత కట్టిన ఇంటికీ, అంతకు ముందు కట్టిన పాత పైకప్పు ఇంటికీ చాలా తేడా ఉంటుంది. తీరానికి దూరం, పైకప్పు వయస్సు, కిటికీల రక్షణ, ఎంచుకున్న డిడక్టబుల్ అన్నీ ధరను మారుస్తాయి. వరద నష్టం సాధారణ పాలసీలో ఉండదు. అది 1968లో ఏర్పడిన జాతీయ వరద బీమా పథకం వంటి వేరే పాలసీల కిందికి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, గృహరుణం తీరిపోయి, భారం మోయలేక బీమా మానుకొన్నవారు ఆ సగటులో కనిపించరు. బీమా అవసరం ఎక్కువగా ఉన్నవారే లెక్కలోంచి తప్పిపోతున్నారు.

7. ముగింపు

ఫ్లోరిడాలో తుపాను నష్టాన్ని ఏ పద్ధతీ మాయం చేయలేదు. ఒకరి నుంచి మరొకరికి, నేటి నుంచి రేపటికి మాత్రమే మార్చగలిగింది. కనుక ప్రీమియం పట్టికను చరిత్రకారుడు వాతావరణ పత్రంగా గాక రాజకీయ నిర్ణయాల పత్రంగా చదవాలి. 1977 దివిసీమ ఉప్పెన, 2014 హుద్‌హుద్ తుపాను వంటి వాటిని పరిశోధించేవారికి ఇందులో ఒక సూచన ఉంది. ఇంటికి బీమా అలవాటు లేని మన తీరంలో ఇటువంటి పట్టికలు దొరకవు. అక్కడ నష్టం ఎవరు భరించారన్న సమాధానాన్ని సహాయ నిధుల లెక్కల్లోనూ, అప్పుపత్రాల్లోనూ, వలసల్లోనూ వెతకాలి.