‘నేను-నేను’: రమణుల మాట, సంపాదకుల గీత

రమణ మహర్షి బోధలను ఆంగ్లంలో చదివేవారికి ‘ఐ-ఐ’ అనే వింత ప్రయోగం తరచుగా ఎదురవుతుంది. రెండు ‘నేను’ల నడుమ ఒక చిన్న గీత ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు. అనువాదంలో ఎదురైన ఒక చిక్కుకు అది గుర్తు.

మురుగనార్ కోరికపై మహర్షి 1927లో ‘ఉపదేశ ఉందియార్’ను 30 తమిళ పద్యాలుగా రచించారు. తరువాత తామే దానిని తెలుగు, సంస్కృత, మలయాళ భాషలలోకి తెచ్చారు. అహంకారం అణగినచోట ‘నాన్ నాన్’ అని ఒకటి తనంత తానే స్ఫురిస్తుందని 20వ పద్యం సారాంశం. ఈ జంటపదమే ఆంగ్లంలో ‘ఐ-ఐ’ అయింది.

తెలుగువారికి ఇందులోని కీలకం సులభంగా అందుతుంది. ‘ఆయన వైద్యుడు’ అన్నప్పుడు మనకు క్రియతో పని లేదు, తమిళానికీ అంతే. కనుక ‘నాన్ నాన్’ అన్నది వట్టి పునరుక్తి కానక్కరలేదు; ‘నేను నేనే’ అనే పూర్తి వాక్యం కావచ్చు. ‘నేను ఫలానా’ అనే తలపు పోగా మిగిలే ఎరుక అది. క్రియ లేనిదే వాక్యం నిలవని ఆంగ్లంలో గీత చేరేసరికి, అదేదో గుండెచప్పుడు వంటి స్పందనగా తోస్తుంది. సాధకుడు తన ఉనికిని గమనించడం మాని, లేని అదురు కోసం వెదకే ప్రమాదం ఇక్కడే ఉంది. ‘నేను నేనైయున్నాను’ అన్న బైబిలు వాక్యాన్ని మహర్షి పలుమార్లు మెచ్చుకోవడం మొదటి అర్థానికి బలమిస్తుంది.

సంపాదకుడు మూలాల తరతమాలను కూడా గుర్తించాలి. శివప్రకాశం పిళ్లై 1901-02 ప్రాంతంలో అడిగిన ప్రశ్నలకు మౌనంలో ఉన్న మహర్షి వ్రాతలో బదులిచ్చారు. అదే ‘నాన్ యార్’. దానిని అనంతరం వ్యాసరూపంలోకి మార్చినదీ ఆయనే. 1935-39 నాటి సంభాషణల తీరు వేరు. మహర్షి దక్షిణాది భాషలలో పలికిన మాటలను మునగాల వేంకటరామయ్య ఆంగ్లంలో నమోదు చేశారు. అవి గ్రంథంగా వెలువడినది 1955లో, మహర్షి నిర్యాణానంతరం. అమూల్యమైన గ్రంథమే అయినా, అందులోని పదం మహర్షిదా, లేఖకునిదా అన్న ప్రశ్న తప్పదు. సందేహం కలిగినచోట స్వహస్త రచనలే గీటురాయి.

వింత పదాన్ని చదును చేస్తే పాఠకునికి సంపాదకుని అభిప్రాయమే మిగులుతుంది. వివరణ లేకుండా వదిలితే అపోహ మిగులుతుంది. మూలపదాన్ని యథాతథంగా ఉంచి, దాని వ్యాకరణాన్ని అడుగున రెండు పంక్తులలో విప్పి చెప్పడమే మేలైన మార్గం.